గుడి పీచు, మసీదు నీళ్ళు, చర్చి కుర్రాళ్ళు

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను ఒడిశాలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు బరంపురంలో తలుపు తీసి బయటికొచ్చినవాళ్ళకి ఆ దృశ్యం ఇంకా గుర్తుండే ఉంటుంది, ఎటు చూసినా రోడ్డుకి అడ్డంగా చెట్లే. ఆ తర్వాత మా వీధిలో నాటడానికి ఏం కొదవ లేదు. గుడివాళ్ళు, మసీదువాళ్ళు, చర్చివాళ్ళు కలిసి నాటారు, అందరం ఫొటో కూడా దిగాం. వేసవి వచ్చేసరికి కంచెలు మిగిలాయి, వాటి లోపల ఎండు పుల్లలు. గుడివాళ్ళు నీళ్ళు పోస్తారులే అని చర్చివాళ్ళు, చర్చి కుర్రాళ్ళున్నారు కదా అని మసీదువాళ్ళు ఊరుకున్నారు. పదిమంది చేరిన చోట పాము చావదంటారు గానీ మొక్కలు మాత్రం చచ్చాయి.

అందుకని మీ వీధిలో చెట్ల పని మీరు మొదలుపెడుతుంటే కొత్తవి నాటే ముందు ఉన్నవాటిని లెక్కపెట్టండి. ఒక సాయంత్రం ముగ్గురు నలుగురు నోట్‌బుక్ పట్టుకుని వీధంతా తిరగండి. ఏ చెట్టుకి మేకులున్నాయి, దేనికి ఫ్లెక్సీ తీగ బిగుసుకుంది, దేని మొదలు దాకా సిమెంటు పోసేశారు, ఇవి రాసుకుంటే చాలు. మా దగ్గర ఒక కానుగకి కంచె తీగ బెరడులోకి దిగిపోయి, పైన పెదవిలా కండ పట్టేసింది. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగేది ఆ బెరడు లోపలి పొరలోంచే, తీగ చుట్టూ బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. పైకి కనిపిస్తున్న తీగని కత్తిరించి తీయండి, లోపల కూరుకుపోయినదాన్ని మాత్రం గుంజకండి, బెరడు చీలిపోతుంది.

ఇక అసలు కిటుకు. ఎవరి దగ్గర ఏది ఊరికే పోతోందో అదే అడగండి, చందాలు అడగొద్దు. గుడిలో కొబ్బరి పీచు గుట్టలుగా పడి ఉంటుంది, దాన్ని మొక్క చుట్టూ మూడు అంగుళాల మందాన పరిస్తే తడి తొందరగా ఆరదు. కాండానికి ఆనించకుండా జానెడు దూరం వదలాలి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. మసీదులో వుజూ నీళ్ళు, అంటే నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళు, నేరుగా కాలవలోకి పోతుంటాయి. కొళాయి తిప్పి చేస్తే మనిషికి రెండు లీటర్లైనా ఖర్చవుతాయి, శుక్రవారం మధ్యాహ్నం వందమంది వస్తే రెండు వందల లీటర్లు, అంటే మొక్కకి ఇరవై లీటర్ల బకెట్ చొప్పున పది మొక్కలకి సరిపోతుంది. సబ్బు నీళ్ళూ బాత్రూం నీళ్ళూ కలవకుండా వేరే గొట్టం వేసి డ్రమ్ములోకి మళ్ళిస్తే సరి. ఇమాం సాబ్‌తో ముందు మాట్లాడండి, చెట్టు నాటి దాని పండు పక్షి తిన్నా అది సదఖా, అంటే దానం, కిందకే వస్తుందని హదీసులో ఉంది కాబట్టి ఆయనకి మీరు నచ్చజెప్పాల్సిన పనే ఉండదు. చర్చిలో ఆదివారం ప్రార్థన అయ్యాక కుర్రాళ్ళు ఎలాగూ బయట నిలబడి కబుర్లు చెప్పుకుంటారు, బకెట్లు వాళ్ళకి ఇవ్వండి.

గుడి దగ్గర ఒక ఇబ్బంది ఉంది, మొహమాటం లేకుండా చెప్పాల్సిందే. రావిచెట్టు మొదట్లో దీపాలు పెడతారు, కార్తీకంలో అయితే మరీను, ఆ వేడికి బెరడు నల్లబడి పగులుతుంది. చెట్టుకి రెండడుగుల దూరంలో రాతి దిమ్మె పెట్టి దీపాలు అక్కడ పెట్టమని పూజారిగారి చేత చెప్పించండి, మీరు చెబితే గొడవ, ఆయన చెబితే ఆచారం. దారాలు నూలువే కట్టమనండి, నైలాన్‌వి కుళ్ళవు.

నీళ్ళ వంతులు వేసేటప్పుడు పండగలు చూసుకోండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కాబట్టి చార్టు ప్రతి సంవత్సరం కొత్తగా రాయాలి. రెండేళ్ళకోసారి మన బరంపురం అమ్మవారి ఠాకురాణి జాతర ఎండల్లోనే వస్తుంది, అప్పుడు గుడివాళ్ళకి ఊపిరాడదు, ఆ వారాలు మిగతా ఇద్దరివి. చార్టులో "అందరూ" అని ఎక్కడా రాయొద్దు, పేరు రాయండి.

కొమ్మలు కొట్టించాలన్నా, మొదలు చుట్టూ సిమెంటు పగలగొట్టించాలన్నా మునిసిపాలిటీకి కాగితం పెట్టాలి, చెట్టే తీసేయాల్సి వస్తే ఫారెస్టు వాళ్ళని కూడా అడగాలి. ఇక్కడి తెలుగువాళ్ళం మనకి ఒడియా గలగలా మాట్లాడటం వచ్చు, రాయడం దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఒడియా మీడియంలో చదివే పిల్లల చేత రాయించి, కింద మూడు కమిటీల సంతకాలు పెట్టించండి. ఒక్క గుడి పేరుతోనో ఒక్క మసీదు పేరుతోనో వెళ్ళిన కాగితాన్ని పక్కన పడేయడం తేలిక, మూడూ కలిసి వెళితే కాస్త ఆలోచిస్తారు.

ఎండుకొమ్మల పని ఆగస్టులోనే అయిపోవాలి. మనకి తుఫానంటే అక్టోబరే, 2018లో తిత్లీ కూడా అక్టోబరు 11నే వచ్చి పర్లాకిమిడి వైపు ఎంత చేసిందో తెలిసిందే. కాలవ తవ్వినప్పుడు ఒక పక్క వేర్లు తెగిన చెట్లని నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకోండి, గాలికి ముందు ఒరిగేవి అవే. కొత్తగా నాటాలనుకుంటే తురాయి వద్దు, కొమ్మలు పెళుసు. వేప, కానుగ, పొగడ నయం.

తుఫాను మర్నాడు వాలిన చిన్న మొక్కల్ని మట్టి తడిగా ఉండగానే నిలబెట్టి, వెదురు పాతి, పాత చీర పేలికతో వదులుగా కట్టండి. ఆ పేలికని మళ్ళీ వానాకాలానికి విప్పేయాలి, ఎవరు విప్పుతారో ఆ రోజే చార్టులో పేరు రాసేయండి.