‘1984’ నవలను నిశితంగా చదవడం ఎలా: స్థలం, కథనం, ప్రతీకలు

నిరంకుశ పార్టీ పాలనలోని లండన్‌లో జరిగే జార్జ్ ఆర్వెల్ నవల ‘1984’ (1949) గురించి వ్యాసం రాయబోయే విద్యార్థులు చాలామంది ముందుగా ప్రతీకల పట్టిక తయారుచేసుకుంటారు: పోస్టరు అంటే నిఘా, ఎలుక అంటే భయం, గాజు బిళ్ళ అంటే గతం. అలాంటి పట్టిక మార్కులు తెచ్చిపెట్టవచ్చు గాని, నవల నడిచే తీరును చెప్పదు. ఇందులో ఏ వస్తువుకైనా అర్థం అది ఉన్న చోటును బట్టీ, దాన్ని చూస్తున్న మనిషిని బట్టీ ఏర్పడుతుంది కనుక, ముందు స్థలాన్నీ, తరువాత కథనాన్నీ పరిశీలించి, ప్రతీకలను చివరికి ఉంచుకోవడం మేలు.

మొదటి అధ్యాయం తొలి పుటల్లో కంటికీ, ముక్కుకూ, ఒంటికీ తగిలే వివరాల కింద పెన్సిలుతో గీత గీయండి. ఏప్రిల్ చలి, 13 గంటలు కొట్టే గడియారాలు, ఉడికిన క్యాబేజీ వాసన, పనిచేయని లిఫ్టు, కాలి చీలమండ పైన పుండుతో ఆగి ఆగి మెట్లెక్కే 39 ఏళ్ల కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ కనిపిస్తారు. ఆ భవనం పేరు విక్టరీ మాన్షన్స్. పేరులో విజయం, గాలిలో క్యాబేజీ: పాలన స్వభావం ఏ వ్యాఖ్యానమూ లేకుండానే తెలిసిపోతుంది. కిటికీలోంచి 300 మీటర్ల తెల్లని కాంక్రీటు పిరమిడ్ వంటి సత్య మంత్రిత్వ శాఖ (విన్‌స్టన్ పనిచేసే ప్రచార కార్యాలయం), దాని చుట్టూ కూలిపోతున్న ఇళ్లు కనిపించే చోట కాసేపు ఆగండి. ఇదంతా పూర్తిగా ఊహించిన భవిష్యత్తు కాదు. బాంబులు పడిన లండన్ శిథిలాలు అప్పటి పాఠకుల కళ్ల ముందే ఉన్నాయి. బ్రిటన్‌లో ఆహార రేషను 1954 దాకా పూర్తిగా పోలేదు. యుద్ధకాలంలో బీబీసీలో భారతదేశానికి ప్రసారాలు రూపొందించిన ఆర్వెల్‌కు ప్రచార యంత్రాంగం లోపలి నుంచే తెలుసు.

కథనం ప్రథమ పురుషలో సాగినా, అది విన్‌స్టన్ చూపును దాటి పోదు. ఏదైనా ఒక పేరా తీసుకుని ‘అతను’ ఉన్నచోట ‘నేను’ అని మార్చి చదవండి. చాలాచోట్ల ఇబ్బందేమీ రాదు. దీని ఫలితం పాత సామాన్ల దుకాణం దృశ్యంలో బాగా తెలుస్తుంది. టెలిస్క్రీన్ (ప్రసారాలు వినిపిస్తూనే మనుషులపై నిఘా వేసే తెర) కొనే స్తోమత తనకు లేదంటాడు దుకాణం యజమాని, వృద్ధుడైన చారింగ్టన్. గోడమీది చర్చి బొమ్మ చట్రం గోడకే బిగించి ఉంది, కావాలంటే విప్పి ఇస్తానంటాడు. విన్‌స్టన్ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. విన్‌స్టన్ అరెస్టు ఘట్టం చదివాక ఈ దృశ్యానికి తిరిగి వస్తే, ఆ బొమ్మ వెనుక టెలిస్క్రీన్ దాగి ఉందని తెలిసినందువల్ల, మర్యాదగా పలికిన ఆ మాటలే ఒళ్లు జలదరింపజేస్తాయి.

నవల చివర న్యూస్పీక్ (ఆలోచనలను కుదించడానికి ఆ పాలన తయారుచేసిన భాష) గురించిన అనుబంధాన్ని వదిలేయకండి. అమెరికాలో ఒక పుస్తకాల క్లబ్బు దాన్ని తొలగించమన్నప్పుడు ఆర్వెల్ ఒప్పుకోలేదు. అది మామూలు ఇంగ్లిషులో, భూతకాలంలో ఉంది కనుక, ఆ పాలన ఎప్పుడో కూలిపోయిందని కొందరు వాదిస్తారు. ఆ వాదన నాకు ఆకర్షణీయంగానే తోస్తుంది గాని, నవల అంతా భూతకాలంలోనే నడిచింది కనుక దానిమీద మరీ ఎక్కువ బరువు మోపకూడదు.

ఇక ప్రతీకలు. ఒక వస్తువును ఎంచుకుని, అది కనిపించిన ప్రతిచోటా దానికి ఏం జరిగిందో రాసుకోండి. పగడపు ముక్క ఉన్న గాజు పేపర్‌వెయిట్‌ను విన్‌స్టన్ కొన్నప్పుడు, అది ఎందుకూ కొరగాకపోవడమే అతనికి నచ్చుతుంది. దుకాణం మేడమీది గదిలో ఆ గాజు ఆ గదే అనీ, పగడం తన ప్రేయసి జూలియా జీవితమూ తన జీవితమూ అనీ ఊహించుకుంటాడు. అరెస్టు సమయంలో ఎవరో దాన్ని పగలగొడితే, దొర్లిన పగడం ఎంత చిన్నదో అప్పుడు గమనిస్తాడు. ‘గతానికి ప్రతీక’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ మూడు దశలూ చేజారిపోతాయి.

ప్రతి వివరమూ ప్రతీక కాదు. చాక్లెట్ రేషన్‌ను 30 నుంచి 20 గ్రాములకు తగ్గిస్తామని ప్రకటించిన మర్నాడే, 20 గ్రాములకు పెంచినందుకు ప్రజలు కృతజ్ఞతలు తెలిపారని టెలిస్క్రీన్ చెబుతుంది. ఇక్కడ చాక్లెట్‌కు గూఢార్థం వెతకనక్కరలేదు. క్యాంటీన్‌లో విన్‌స్టన్ పొరుగింటి పార్సన్స్ ఆ అబద్ధాన్ని అవలీలగా మింగడం, పక్క బల్ల దగ్గరి మనిషి ఆవేశంగా మింగడం, న్యూస్పీక్ నిఘంటువు మీద పనిచేసే తెలివైన సైమ్ ఇంకాస్త మెలికలు తిరిగిన దారిలో మింగడం, ఈ మూడింటికీ ఉన్న తేడాను మీ వ్యాసంలో విడమరచి రాయండి.