స్వరాజ్ ద్వీప్‌లో పర్యాటకుల రాబడితో ఏడాది నెట్టుకురావడం ఎలా?

2018 దాకా హేవ్‌లాక్‌గా పిలిచిన ఈ అండమాన్ దీవిలో గదుల అద్దెపైనో, టాక్సీపైనో ఆధారపడి బతికేవారు మొదట నేర్చుకోవలసింది, అక్టోబరు నుంచి మే దాకా వచ్చే డబ్బు ఎనిమిది నెలలది కాదు, పన్నెండు నెలలది అని లెక్క వేసుకోవడం. అందుకే రోజువారీ రాబడిలో మూడో వంతు ఏ రోజుకారోజు వేరే ఖాతాలో వేయండి. నెలాఖరుకు చూద్దామనుకుంటే అది మిగలదు.

చెన్నై, కోల్‌కతా, విశాఖ రేవుల నుంచి శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) చేరిన బియ్యం, పప్పులు, సిమెంటు అక్కడ దించి, మళ్లీ వేరే పడవకెక్కితేనే ఇక్కడికి వస్తాయి గనుక, సరుకు ఎక్కించి దించే ప్రతి కూలీ మన ధరలోనే కలుస్తుంది. వానాకాలంలో సముద్రం పోటెత్తి పడవలు ఆగితే కూరగాయలకే కటకట. మే మొదటి వారానికే సరుకులు కొని, గాలి చొరని డబ్బాల్లో పోయండి. ఈ తేమకు కందిపప్పు సంచిలో ఉంటే పురుగు పడుతుంది.

అప్పు తీసుకునే ముందు, వాయిదాలు సీజన్‌లో ఎక్కువగా, వానల్లో తక్కువగా ఉండేలా కుదురుతుందేమో బ్యాంకులో తప్పక అడగండి. 2004 సునామీ, 2020 లాక్‌డౌన్‌ల తర్వాత గదులు ఖాళీగా పడి ఉన్న రోజులను తలుచుకుని, ఉన్న కొబ్బరి, పోక చెట్లను కాటేజీ కోసం నరికించకండి.