మంత్రాలను ఆపే యోధులకు ఆ శక్తి ఎక్కడిది: ఆటలోకం రాసుకునేవారికి ఒక పద్ధతి

సొంతంగా ఒక ఫాంటసీ లోకాన్ని కల్పించుకుని, స్నేహితులతో రోల్‌ప్లేయింగ్ ఆట (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి కథను ముందుకు నడిపే ఆట) నడిపించాలనుకునేవారు మాంత్రికుల గురించి పేజీలకు పేజీలు రాసుకుంటారు. మంత్రాలను అడ్డుకునే యోధుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వీరిపై మంత్రాలు పనిచేయవు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. ఎందుకు పనిచేయవో తేల్చుకోకపోతే ఆ యోధుడు పాత్రగా నిలబడడు, ఆటలో చిక్కు ఎదురైన నాడు నియమాలూ నిలబడవు.

ఆ చిక్కు తరచుగా ఒకే రూపంలో వస్తుంది. యోధుడు తీవ్రంగా గాయపడి నేలకూలుతాడు, పక్కనే ఉన్న సహచరి గాయాలు మాన్పే హీలింగ్ మంత్రం వేస్తానంటుంది. ఆ మంత్రం అతనిపై పనిచేస్తుందా? నేను నడిపిన ఒక ఆటలో సరిగ్గా ఈ ప్రశ్న దగ్గర అందరం ఆగిపోయాం. అప్పటికి పనిచేస్తుందని తీర్పు చెప్పాను. తరువాతి వారం, శత్రువు వేసిన మంత్రం విషయంలో, దానికి పొసగని మరో తీర్పు చెప్పాను. ఆ పాత్రను ఎంతో ఇష్టంగా ఆడుతున్న మిత్రుడు నొచ్చుకున్నాడు, అతని బాధలో న్యాయం ఉంది. అప్పటినుంచి ఏ శక్తిమూలాన్ని రాసుకున్నా ముందుగా ఈ ప్రశ్నతోనే పరీక్షిస్తున్నాను. మూలం సరిగా కుదిరితే జవాబు కోసం ఎవరూ ఆటను నడిపించే గేమ్ మాస్టర్ వైపు చూడనక్కరలేదు, ఆడేవాళ్లే చెప్పగలుగుతారు.

విరుగుడు తయారుచేయాలంటే ముందు విషమేదో తెలియాలి. అందువల్ల యోధుడి గురించి ఒక్క ముక్కైనా రాయకముందు, మీ లోకంలో మంత్రశక్తి ఎక్కడ పుడుతుందో, మాంత్రికుడు దాన్ని ఎలా అందుకుంటాడో, లక్ష్యాన్ని అది ఎలా చేరుతుందో రెండు మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. ఏ మంత్రమైనా మాంత్రికుడిలో రూపం దిద్దుకోవడం, అక్కడి నుంచి ప్రయాణించడం, ఎదుటివారిని తాకడం అనే మూడు దశలు దాటాలి కాబట్టి, మీ యోధుడు వీటిలో ఏ దశ దగ్గర దాన్ని తెంచుతాడో నిర్ణయించుకుంటే సగం పని అయినట్లే. మాంత్రికుడిలోనే తెంచేవాడు సహచరి చికిత్సకు అడ్డుకాడు, ఎందుకంటే అతను ఎవరిని ఎంచుకుని కొడితే వారి మంత్రమే చెదురుతుంది. తన శరీరం దగ్గర తెంచేవాడికి మాత్రం మేలు చేసే మంత్రమూ కీడు చేసే మంత్రమూ ఒక్కటే.

మూలాల విషయానికి వస్తే, నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసినది ఒక పదార్థం నుంచి శక్తి రావడం. 2009లో వచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ అనే వీడియో గేమ్‌లోని టెంప్లర్లు ఇందుకు గొప్ప ఉదాహరణ. మాంత్రికులపై కాపలా ఉండే ఈ యోధులకు చాంట్రీ అనే మతసంస్థ లిరియం అనే ఖనిజాన్ని క్రమం తప్పకుండా ఇస్తుంది. మంత్రాలు వేసేందుకు ఖర్చయ్యే తమ మనా అనే శక్తిని తిరిగి నింపుకోవడానికి మాంత్రికులు తాగేదీ ఆ లిరియమే, అంటే ఇక్కడ ముల్లును ముల్లుతోనే తీస్తున్నారు. అయితే ఆ పదార్థం వ్యసనంగా మారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ జ్ఞాపకశక్తి చెదిరిపోతుంది, సరఫరా సంస్థ చేతిలో ఉంటుంది గనుక యోధుడి మెడ కూడా ఆ సంస్థ చేతిలోనే ఉంటుంది. శక్తి, దానికి చెల్లించే మూల్యం, దానివల్ల పుట్టే రాజకీయం, మూడూ ఒకే వేరు నుంచి మొలవడం ఈ అల్లికలోని బలం. పైగా అదే ఆటలో అలిస్టెయిర్ అనే పాత్ర, లిరియం అలవాటు లేకుండానే టెంప్లర్ విద్యలు ప్రయోగిస్తాడు, వాటిని ఆటగాడి పాత్రకు నేర్పగలడు కూడా. అలాంటప్పుడు లిరియం నిజంగా అవసరమా, లేక యోధులను కట్టివేసే సంకెల మాత్రమేనా అన్న అనుమానం ఆడేవారి మనసులో మిగిలిపోతుంది.

ఈ అనుమానం నుంచి మీరు తీసుకోదగిన పద్ధతి ఒకటుంది. శక్తిమూలాన్ని రెండుసార్లు రాయండి: లోకంలోని మనుషులు నమ్మేది ఒకటి, మీకు మాత్రమే తెలిసిన నిజం మరొకటి. 2014 నాటి డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్‌లో సీకర్లు అనే మరో వర్గం కథ ఇదే దారిలో నడుస్తుంది. దీర్ఘకాల దీక్ష వల్ల, విశ్వాసం వల్ల తమకు శక్తి వచ్చిందని వారు నమ్ముతారు. అసలు జరిగేదేమిటంటే, ఆ దీక్షలో వారి భావోద్వేగాలను పూర్తిగా అణచివేసి, ఆపైన విశ్వాసానికి ప్రతిరూపమైన ఒక ఆత్మ వారి మనసును తాకేలా చేస్తారు. ఈ రహస్యం బయటపడినప్పుడు కసాండ్రా అనే సీకర్ పడే వేదన ఆ కథలో నాకు మరువలేని ఘట్టం. అయితే రెండో నిజం మొదటిదాని నియమాలను తలకిందులు చేయకూడదు. ఆటగాడు నిన్నటిదాకా చేయగలిగిన పనిని, రహస్యం బయటపడింది కదా అని ఈరోజు లాక్కుంటే అది అన్యాయం.

పుట్టుకతోనే ఉండే లేమి మరొక రకం మూలం. వార్‌హామర్ 40,000 అనే ఆట లోకంలోని సిస్టర్స్ ఆఫ్ సైలెన్స్‌కు వార్ప్ అనే అతీంద్రియ లోకంలో ఉనికే లేదు, అందుకే మానసిక శక్తులు వారి దగ్గర చచ్చుబడిపోతాయి. మామూలు మనుషులు కూడా వారి సమక్షంలో ఇబ్బంది పడతారు. ఈ మూలాన్ని ఎంచుకుంటే హీలింగ్ ప్రశ్నకు జవాబు స్పష్టం: పనిచేయదు. మూల్యం ఒంటరితనం రూపంలో వస్తుంది కాబట్టి, ఆడేవాళ్ల బృందంలో ఇలాంటి పాత్రకు చోటిచ్చేముందు మిగతావారి అభిప్రాయం అడగడం మంచిది.

లోకపు స్వభావమే మంత్రానికి ఎదురు తిరగడం ఇంకొక దారి. 2001 నాటి ఆర్కేనమ్ ఆటలో మంత్రమూ యంత్రమూ ఒకదానికొకటి పొసగవు. యంత్రవిద్యలో ముదిరిన పాత్రపై శత్రుమంత్రాలు సరిగా పనిచేయవు, స్నేహితుల చికిత్సా మంత్రాలు కూడా అంతే. అక్కడ ప్రత్యేకంగా యోధుడనే వర్గమే అక్కరలేదు, ఎవరు ఏ విద్య వైపు మొగ్గితే వారికి ఆ ఫలితం దక్కుతుంది. మంత్రాన్ని మింగి బతికే యోధులు కూడా ఉండవచ్చు, అయితే వారికి ఆకలి ఉండాలి, అది తీరని రోజు ఏమవుతుందో రాసి ఉండాలి.

ఇక దృఢసంకల్పం. చాలామంది మొదట దీన్నే ఎంచుకుంటారు. నా దృష్టిలో ఇది బలహీనమైన మూలం, ఎందుకంటే సంకల్పానికి సహజంగా మూల్యమేదీ ఉండదు, మనమే వెతికి తగిలించాలి. పాత్‌ఫైండర్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట మొదటి ఎడిషన్ ఆ పని చక్కగా చేసింది. అందులో బార్బేరియన్ అనే, ఆవేశంతో పోరాడే యోధుడికి మూఢనమ్మకం అనే అర్థం వచ్చే ఒక విద్య ఉంది. దాన్ని ఎంచుకున్నవాడు ఆవేశంలో ఉన్నంతసేపూ మంత్రాలను తట్టుకోవడానికి వేసే పాచికలో పడిన అంకెకు మొదట 2 కలుపుకుంటాడు, లెవెల్ పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. కానీ ఆ సమయంలో మిత్రులు వేసే మంత్రాన్ని కూడా అతను ప్రతిఘటించి తీరాలి. మంత్రమంటేనే భయం గనుక మిత్రుడి మంత్రమని ఆగడు. శక్తీ మూల్యమూ ఒకే స్వభావం నుంచి వచ్చాయి కాబట్టే ఆ నియమం అంత సహజంగా అనిపిస్తుంది.

మూలం తేలాకే అంకెల జోలికి వెళ్లండి. 20 ముఖాల పాచికపై 2 కలపడమంటే సాధారణంగా గెలుపు అవకాశం నూటికి 10 పెరగడం. ఇది వినడానికి చిన్నదే అయినా పది మంత్రాలు ఎదుర్కొనే పోరులో బాగానే తెలుస్తుంది. పూర్తిగా ఆపేసే శక్తి ఇవ్వదలిస్తే పరిధినీ సమయాన్నీ బిగించాలి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లోని యాంటీమ్యాజిక్ ఫీల్డ్ 8వ స్థాయి మంత్రం, దాని వ్యాసార్ధం 10 అడుగులు మాత్రమే, పైగా దాన్ని ప్రయోగించినవారి ఇతర మంత్రాలు కూడా ఆ పరిధిలో పనిచేయవు. అదే ఆటలోని బిహోల్డర్ అనే జీవి నడిమి కన్ను 150 అడుగుల దూరం వరకు మంత్రాలను అణచివేస్తుంది కానీ, ఆ చూపు పడిన చోట తన మిగతా కళ్ల కిరణాలు కూడా పనిచేయవు. ఎటు చూడాలన్నది దానికి ప్రతి క్షణం ఒక నిర్ణయమే. మీ యోధుడికి కూడా ఇలాంటి నిర్ణయం మిగలాలి. ఎల్లప్పుడూ, అన్నిటినీ, ఏ ఖర్చూ లేకుండా ఆపగలిగితే మాంత్రికురాలి పాత్ర ఆడే స్నేహితురాలు సాయంత్రమంతా చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది, అది ఆమెకు చేసే అన్యాయం.

చివరగా, మొదటి ఆటకు ముందురోజు ఒక కాగితం తీసుకుని మూడు సందర్భాలు రాయండి. సహచరి చికిత్సా మంత్రం వేస్తుంది. యోధుడు మంత్రించిన ఖడ్గాన్ని చేతిలోకి తీసుకుంటాడు. ఈ శక్తి రాకముందే అతనిపై పడిన పాత శాపం ఒకటి ఇంకా ఉంది. మీరు రాసుకున్న మూలాన్ని మాత్రమే ఆ ఆటగాడికి చదివి వినిపించి, మూడింటిలో ఏం జరుగుతుందో అతన్నే చెప్పమనండి. మొదటి రెండింటికి మీ మనసులోని జవాబే వస్తే మూలం కుదిరినట్లే. మూడోదానికి అతను మీకు తట్టని జవాబు చెబితే, అది మూలానికి విరుద్ధం కానంతవరకు, దాన్నే నియమంగా రాసుకోండి.