బంధువులిచ్చిన డబ్బుపై పన్ను చిక్కులు: సమస్య - పరిష్కారం

సమస్య: ఇల్లు కట్టుకునేటప్పుడు పెదనాన్న కొడుకు 3 లక్షల రూపాయలు పంపించారు. అన్న ఇచ్చిందే కదా అని రిటర్నులో చూపలేదు. ఇప్పుడు ఆ మొత్తానికి పన్ను కట్టాలని ఆడిటరు చెబుతున్నారు.

కారణం: ఎవరు బంధువులో ఆదాయపు పన్ను చట్టమే జాబితా ఇచ్చింది. భార్య లేదా భర్త, సొంత తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు, దంపతులిద్దరి వైపు తాతముత్తాతలు, తల్లిదండ్రులు, పిల్లలు, మనవలు, వీరందరి జీవిత భాగస్వాములు అందులో ఉన్నారు. పెదనాన్న ఉన్నారు గానీ ఆయన కొడుకు లేరు. పైగా బంధుత్వాన్ని పుచ్చుకునేవారి వైపు నుంచే లెక్కిస్తారు. అందుచేత మేనమామ మేనల్లుడికి ఎంత ఇచ్చినా పన్ను ఉండదు, కానీ ఆ మేనల్లుడే స్థిరపడ్డాక తనను చదివించిన మామకు డబ్బిస్తే బయటివారు ఇచ్చినట్టే అవుతుంది. ఇది నాకు న్యాయంగా తోచదు, అయినా నిబంధన అదే. జాబితాలో లేనివారందరూ ఒక ఆర్థిక సంవత్సరంలో ఇచ్చినది కలిపి 50,000 రూపాయలు దాటితే, దాటిన భాగానికే కాక మొత్తానికీ పన్ను పడుతుంది.

పరిష్కారం: గడువు మిగిలి ఉంటే ఆ మొత్తాన్ని ఇతర ఆదాయాల కింద చూపి సవరించిన రిటర్ను వేయండి. నిజంగా అప్పే అయితే ఆనాటి పత్రం, బ్యాంకు ద్వారా తీర్చిన వాయిదాల వివరాలు చూపించాలి. నోటీసు వచ్చాక పాత తేదీతో రాయించిన నోటును దయచేసి నమ్ముకోకండి.

సమస్య: నాన్నగారు పంట అమ్మి 5 లక్షలు నగదుగా ఇచ్చారు, ఖాతాలో వేయగానే అధికారులు ఆధారం అడిగారు.

కారణం: తండ్రి ఇచ్చినదానికి పన్ను లేదన్నది నిజమే, కానీ ఆ డబ్బు ఆయనదేనని చూపించవలసిన బాధ్యత మీదే. అంతేకాక, ఒకే వ్యక్తి నుంచి ఒకే రోజు 2 లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, ఇచ్చినవారు కన్నతండ్రే అయినా, తీసుకున్నంత మొత్తం జరిమానాగా విధించవచ్చు.

పరిష్కారం: పట్టాదారు పాసుపుస్తకం, మార్కెట్ యార్డులో ఇచ్చిన తక్‌పట్టీలు (పంట అమ్మకం రశీదులు), నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంటు సేకరించి నోటీసులోని గడువులోగా జవాబివ్వండి. ఇకపై చెక్కు ద్వారానో ఖాతా నుంచి ఖాతాకో తీసుకుని, ఇద్దరి పేర్లు, పాన్ నంబర్లు, బంధుత్వం, తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు రాసిన దానపత్రంపై ఇద్దరూ సంతకాలు చేయండి. డబ్బు దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

సమస్య: భార్యకిచ్చిన డబ్బును ఆమె ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి వడ్డీని తన రిటర్నులో చూపితే, భర్తకు నోటీసు వచ్చింది.

ఇచ్చిన డబ్బుపై పన్ను లేకపోయినా, దానిపై వచ్చే వడ్డీ ఇచ్చినవారి ఆదాయంలోనే కలుస్తుంది. కోడలికి అత్తమామలు ఇచ్చినా ఇంతే. కాబట్టి ఆ వడ్డీని భర్త రిటర్నులోనే చూపాలి. ఆ వడ్డీని మళ్లీ మదుపు చేస్తే వచ్చే రాబడి మాత్రం భార్యదే అవుతుంది.

సమస్య: పెళ్లి చదివింపులకూ పన్ను అడుగుతున్నారు.

మినహాయింపు వధూవరులకే వర్తిస్తుంది. స్నేహితులు పెళ్లికొడుకు తండ్రి పేరున రాసిన చెక్కు ఆయనకు వచ్చినట్టే లెక్క. చెక్కులు వధూవరుల పేరుననే తీసుకుని, చదివింపుల పుస్తకాన్ని పారేయకుండా బ్యాంకు కాగితాలతో పాటు భద్రపరచండి.