న్యూజెర్సీలోని ఐలాండ్ బీచ్ స్టేట్ పార్కుకు వెళ్లి రావడం ఎలా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు సముద్రం చూపించాలంటే ఎడిసన్ వైపు మనవాళ్లు చాలామంది సీసైడ్ హైట్స్ బోర్డ్‌వాక్‌కే తీసుకెళ్తారు. జెయింట్ వీల్, పిజ్జా కొట్లు, ఇసుక వేస్తే రాలనంత జనం. అదే రోడ్డు మీద ఇంకాస్త దక్షిణానికి వెళ్తే హోటళ్లూ అపార్ట్‌మెంట్లూ లేని తీరం దాదాపు 10 మైళ్లు ఉంటుంది. ఒకవైపు అట్లాంటిక్, మరోవైపు బార్నెగాట్ బే, మధ్యలో సన్నటి ఇసుక పట్టీ. ఇలాంటివాటినే బ్యారియర్ ఐలాండ్లు అంటారు.

ఇది ఖాళీగా మిగలడం వెనక చిన్న కథ ఉంది. ఉక్కు వ్యాపారంలో కార్నెగీ భాగస్వామి హెన్రీ ఫిప్స్ ఇక్కడ రిసార్ట్ కట్టాలని 1926లో ఈ స్థలం కొన్నాడు. 1929లో మార్కెట్ కుప్పకూలడంతో అది కొన్ని ఇళ్ల దగ్గరే ఆగిపోయింది. 1953లో రాష్ట్ర ప్రభుత్వం కొనేసింది.

1. రోజు, టైమ్ చూసుకోండి

అసలు టెన్షన్ అంతా ఇక్కడే. వేసవి శని, ఆదివారాల్లో పార్కింగ్ నిండిపోతే గేటు మూసేస్తారు, ముందు ఎన్ని కార్లున్నా సరే. టిఫిన్ చేసి, పులిహోర కలిపి, పదకొండింటికి బయల్దేరడం కుదరదు. పొద్దున్నే గేటు దగ్గర ఉండాలి, లేదా సెలవు పెట్టి వారం మధ్యలో వెళ్లాలి. వేరే రాష్ట్రం నంబర్ ప్లేటు ఉంటే ప్రవేశ రుసుము ఎక్కువ పడుతుంది. నన్నడిగితే సెప్టెంబరు మేలు: జనం తగ్గుతారు, నీళ్లు ఇంకా చల్లబడవు. కాకపోతే అప్పటికి లైఫ్‌గార్డులు ఉంటారో లేదో ముందే కనుక్కోండి.

2. గాలి ఎటు నుంచో చూడండి

ఎండ, వాన అందరూ చూస్తారు, గాలి దిక్కు ఎవరూ చూడరు. జూలైలో పడమటి గాలి వీస్తే బే పక్కన ఉన్న చిత్తడి నేలల నుంచి గ్రీన్‌హెడ్ ఈగలు బీచ్ మీదికి వచ్చి పడతాయి. పచ్చటి కళ్లు, మామూలు ఈగకన్నా పెద్ద ఒళ్లు. ఇవి దోమలా సన్నగా కుట్టవు, చర్మాన్ని కోస్తాయి. స్ప్రే కొట్టినా పెద్దగా లెక్కచేయవు. సముద్రం మీది నుంచి గాలి వస్తుంటే ఈ బెడద తక్కువ.

3. దారి

గార్డెన్ స్టేట్ పార్క్‌వేలో ఎగ్జిట్ 82 తీసుకుని, రూట్ 37 మీద తూర్పుకు వంతెన దాటి, రూట్ 35లో దక్షిణానికి వెళ్లాలి. సీసైడ్ పార్క్ ఊరు దాటగానే గేటు.

4. ఇసుక దిబ్బలు ఎక్కకండి

పిల్లలు కారు దిగగానే వాటి మీదికే పరిగెడతారు, ఆపండి. బీచ్‌కు వెళ్లడానికి వేరే దారులున్నాయి. దిబ్బ మీద కనిపించే గడ్డి వేళ్లూ, ఇసుకలో పాకే కాడలే ఆ దిబ్బను పట్టి ఉంచుతాయి. కాళ్ల కింద పడి నలిగితే గడ్డి చస్తుంది, దాని వెనకే ఇసుకా ఎగిరిపోతుంది. 2012లో శాండీ తుఫాను పక్కనున్న సీసైడ్ హైట్స్‌లో రోలర్ కోస్టర్‌నే సముద్రంలోకి లాగేసింది. ఇక్కడ మాత్రం ఈ దిబ్బలే అడ్డు నిలిచాయి. పైగా పొదల్లో పాయిజన్ ఐవీ (తగిలితే దద్దుర్లు లేపే తీగ), పిడుదులు ఉంటాయి. మూడేసి ఆకుల తీగ కనిపిస్తే ముట్టుకోవద్దని పెద్దవాళ్లకూ చెప్పండి.

5. స్నానం

లైఫ్‌గార్డులున్న చోటే నీళ్లలో దిగండి. బట్టలు మార్చుకునే గదులూ, టాయిలెట్లూ కూడా ఆ పక్కనే ఉంటాయి. జూన్‌లో నీళ్లు బాగా చల్లగా ఉంటాయి. రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి జోరుగా పారే నీటి పాయ) లోపలికి లాగితే ఒడ్డుకేసి ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈది బయటపడాలి. ఈ మాట పిల్లలకు నీళ్లలో దిగకముందే చెప్పాలి.

6. తిండి

దద్దోజనం డబ్బా మూత తీసి పక్కకు తిరిగారో, సీగల్స్ వాలిపోతాయి. రోడ్డు పక్కన ఎర్ర నక్కలు కార్లకేసి ఆశగా చూస్తాయి. ఎంత ముద్దొచ్చినా ఏమీ పెట్టకండి. తిండి అలవాటైతే రోడ్డెక్కి కార్ల కింద పడతాయి. చెత్తబుట్టలుండవు, కవరు తెచ్చుకుని చెత్త ఇంటికే పట్టుకెళ్లాలి. మద్యం నిషేధం.

7. ఓపికుంటే దక్షిణపు కొసకు

రోడ్డు ఆఖరున కారు ఆపి ఇసుకలో మైలు పైగా నడిస్తే ద్వీపం కొస వస్తుంది. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, అల తడిపిన గట్టి ఇసుక మీద నడవండి. తాళ్లు కట్టి ఉంటే అటు వెళ్లకండి, ప్లోవర్ పిట్టలు అక్కడ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. కొస నుంచి చూస్తే నీటికి అవతల ఎరుపు, తెలుపు రంగుల బార్నెగాట్ లైట్‌హౌస్. 1859లో వెలిగింది. చేయి చాపితే అందేలా ఉన్నా ఇటు నుంచి వంతెన లేదు. అక్కడికి వెళ్లాలంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, మెయిన్‌ల్యాండ్ మీదుగా చుట్టూ తిరిగి రూట్ 72 పట్టుకోవాలి. దాన్ని వేరే రోజుకు పెట్టుకోండి. తిరుగు నడకకు మంచినీళ్లు మిగుల్చుకోండి, దారిలో ఎక్కడా దొరకవు.