చరిత్రలో ఈ రోజు – మూడో పాఠం: ఒకే తేదీన జరిగినంత మాత్రాన ముడి ఉన్నట్టేనా?

పోయిన పాఠంలో ఒక తేదీని ఎంచుకుని, ఆ తేదీన జరిగిన సంఘటనలను కార్డుకు ఒకటి చొప్పున రాసుకోమని చెప్పాను. ఆ కార్డులు పక్కన పెట్టుకుని ఈ పాఠం చదవండి. నేను జనవరి 30 తీసుకున్నాను. నా బల్ల మీద ఉన్నవి ఇవి: 1649లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ తల నరికారు. 1661లో, ఆ రాజు మీద గెలిచి తర్వాత ఇంగ్లండును ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ శవాన్ని శిక్షించారు. 1835లో అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ మీద హత్యాయత్నం జరిగింది. 1882లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పుట్టాడు. 1933లో హిట్లర్ జర్మనీ చాన్స్‌లర్ అయ్యాడు. 1945లో విల్హెల్మ్ గుస్ట్‌లోఫ్ అనే ఓడ మునిగింది. 1948లో గాంధీజీని కాల్చి చంపారు. 1968లో వియత్నాం యుద్ధంలో కమ్యూనిస్టు దళాల టెట్ దాడులు మొదలయ్యాయి.

ఇలా పరిచి చూడగానే చేయి ఊరుకోదు. ‘హత్యల తేదీ’ అనో, ‘ఏలికలు మారే రోజు’ అనో ఒక శీర్షిక తగిలించాలనిపిస్తుంది. ఆ కోరికను కాసేపు పక్కన పెట్టి, కార్డులను జతలుగా తీసుకుని రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ రెండూ నిజంగా ఒకే తేదీన జరిగాయా? జరిగి ఉంటే, ఆ తేదీని ఎవరైనా కావాలని ఎంచుకున్నారా?

మొదటి ప్రశ్న: ఏ క్యాలెండరు?

చార్లెస్ కార్డుతో మొదలుపెడదాం. ఆయన మరణశిక్ష ఉత్తర్వు ఇప్పటికీ భద్రంగా ఉంది. 59 మంది సంతకాలు, ముద్రలు ఉన్న కాగితం అది. మూడో సంతకం క్రామ్‌వెల్‌ది. దాని మీద తేదీ 1648 జనవరి 29. మనమేమో 1649 అంటున్నాం. ఇందులో ఎవరి తప్పూ లేదు. అప్పటి ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి, మార్చిలో అధిక భాగం పాత సంవత్సరంలోనే ఉండేవి. ఆ కాలపు ఇంగ్లిషు పత్రాల్లో ఈ మూడు నెలల తేదీ కనబడితే వెంటనే సంవత్సరం మీద అనుమానపడండి.

సంవత్సరం సంగతి తేలింది, ఇక రోజు సంగతి. అప్పటి ఇంగ్లండు వాడినది పాత లెక్క, అంటే జూలియన్ క్యాలెండరు. అందులో ప్రతి నాలుగో ఏడూ లీపు సంవత్సరమే, అంటే సగటున ఏడాదికి 365.25 రోజులు. రుతువులు తిరిగి వచ్చే అసలు కాలం అంతకంటే దాదాపు 11 నిమిషాలు తక్కువ. ఆ నిమిషాలు శతాబ్దాల తరబడి పేరుకుని 16వ శతాబ్దానికి పది రోజుల తేడా అయింది. 1582లో పోప్ 13వ గ్రెగరీ చేసిన సవరణ ప్రకారం అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 వచ్చింది. ఆపైన 400తో భాగించలేని శతాబ్ది సంవత్సరాలకు లీపు తీసేశారు. 1700, 1800, 1900 కొత్త లెక్కలో మామూలు సంవత్సరాలే. అయితే దేశాలన్నీ ఒకేసారి మారలేదు. బ్రిటన్ 1752లో మారింది, అక్కడ సెప్టెంబరు 2 తర్వాత వచ్చిన రోజు సెప్టెంబరు 14. రష్యా 1918 దాకా ఆగింది, అక్కడ జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14 వచ్చింది.

పాత తేదీని కొత్తదిగా మార్చేందుకు కార్డు వెనుక ఇది రాసి పెట్టుకోండి. 1582 సవరణ నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు కలపాలి. అక్కడి నుంచి 1800 ఫిబ్రవరి దాకా 11, తర్వాత 1900 ఫిబ్రవరి దాకా 12, ఆపైన 13. ఒకటి చేసి చూపిస్తాను. రష్యాలో బోల్షెవిక్‌లు అధికారం చేజిక్కించుకున్నది 1917 అక్టోబరు 25న. 25కు 13 కలిపితే 38, అక్టోబరుకు ఉన్న 31 తీసేస్తే నవంబరు 7. అక్టోబరు విప్లవ వార్షికోత్సవం నవంబరులో జరిగేది ఇందుకే. ఇప్పుడు చార్లెస్ లెక్క మీరే చేయండి. 30కి 10 కలిపితే 40, అందులోంచి 31 పోతే ఫిబ్రవరి 9.

అయితే ఆ కార్డును ఫిబ్రవరి 9 కట్టలోకి మార్చేయాలా? అక్కర్లేదు. ఇంగ్లండు చరిత్ర రాసేవాళ్లు రోజును, నెలను అప్పటి వాడుక ప్రకారమే ఉంచి, సంవత్సరాన్ని మాత్రం జనవరి నుంచి లెక్కిస్తారు. మీరూ అలాగే చేయండి. చార్లెస్, గాంధీజీ ఒకే పేజీలో ఉండవచ్చు. కానీ ‘చార్లెస్ మరణించిన సరిగ్గా 299 ఏళ్లకు గాంధీజీ మరణించారు’ అని మాత్రం రాయకూడదు. ఆ ‘సరిగ్గా’ దగ్గరే పది రోజుల తప్పు దూరుతుంది.

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఇదే పొరపాటు చేశాను. గెలీలియో కన్నుమూసిన సంవత్సరమే న్యూటన్ పుట్టాడని ఎంతో సంబరంగా రాశాను. ఒక పెద్దాయన ఉత్తరం రాసి సరిదిద్దారు. గెలీలియో మరణం 1642 జనవరి 8, ఇది ఇటలీలో వాడిన కొత్త లెక్క. న్యూటన్ జననం 1642 డిసెంబరు 25, ఇది ఇంగ్లండులో వాడిన పాత లెక్క. రెండింటినీ కొత్త లెక్కలోకి తెస్తే న్యూటన్ పుట్టింది 1643 జనవరి 4న. రెండింటినీ పాత లెక్కలోకి తీసుకెళ్తే గెలీలియో మరణం 1641 డిసెంబరు 29న. ఏ లెక్కలోనూ ఇద్దరూ ఒకే సంవత్సరంలో కలవరు. రెండు లెక్కలను కలగలిపినప్పుడే కలుస్తారు. ఆ ఉత్తరం చదివిన రోజు నుంచి జత కార్డులన్నింటి మూలలో ‘పా’ లేదా ‘కొ’ అని రాయడం మొదలుపెట్టాను. అదే గెలీలియో మరణించిన సరిగ్గా 300 ఏళ్లకు, 1942 జనవరి 8న, స్టీఫెన్ హాకింగ్ పుట్టాడని నిక్షేపంగా రాయవచ్చు. రెండూ కొత్త లెక్కలోవే.

ఈ భాగం వదిలే ముందు ఒక చిన్న మాట. చార్లెస్‌ను ఉరితీశారని రాస్తుంటారు. కాదు, లండన్‌లో వైట్‌హాల్ వీధిలోని విందుశాల ముందు వేదిక కట్టి గొడ్డలితో తల నరికారు. ఆ ఉదయం ఆయన రెండు చొక్కాలు వేసుకున్నాడు. చలికి వణికితే జనం భయమనుకుంటారని ఆయన బాధ. తేదీ కింద ఇలాంటి వివరం ఒక్కటి ఉంటే చాలు, చదివేవారికి ఆ జనవరి చలి తగులుతుంది.

రెండో ప్రశ్న: ఎవరు ఎంచుకున్నారు?

క్రామ్‌వెల్ 1658లోనే చనిపోయాడు. రెండేళ్లకు చార్లెస్ కొడుకు రెండో చార్లెస్ పేరుతో రాజుగా తిరిగి వచ్చాడు. పార్లమెంటు ఆదేశం మీద క్రామ్‌వెల్ శవాన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీలోని సమాధి నుంచి తవ్వి తీశారు. ఉరిశిక్షలు అమలు చేసే చోటైన టైబర్న్‌కు ఈడ్చుకెళ్లి వేలాడదీశారు, ఆపైన తల నరికి వెస్ట్‌మినిస్టర్ హాలు మీద కొయ్యకు గుచ్చారు. అది 1661 జనవరి 30. ఇక్కడ తేదీ యాదృచ్ఛికం కాదు, శిక్షలో భాగం. రాజును చంపిన రోజునే చంపినవాడికి దండన అని లోకానికి చాటడమే దాని ఉద్దేశం. పైగా రెండు సంఘటనలూ ఒకే దేశంలో, ఒకే పాత లెక్కలో జరిగాయి. ఎటు మార్చినా రెండూ కలిసే కదులుతాయి. ఇలాంటి జత దొరికితే వదలకండి, నిర్భయంగా ‘సరిగ్గా పన్నెండేళ్లకు’ అని రాయండి.

ఇప్పుడు 1933. ఆ సోమవారం జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ను చాన్స్‌లర్‌గా నియమించడం వారాల తరబడి సాగిన రాజకీయ బేరసారాల ఫలితం. ఆ తేదీకి అప్పటిదాకా ఏ ప్రత్యేకతా లేదు. కానీ ఒకసారి జరిగాక నాజీలు దాన్ని పండుగ చేసుకున్నారు, అక్కడి నుంచి జనవరి 30 ఒక గొలుసైంది. 1934లో అదే రోజున జర్మన్ రాష్ట్రాల అధికారాలు రద్దు చేసే చట్టం తెచ్చారు. 1939లో అదే రోజున హిట్లర్ పార్లమెంటులో నిలబడి, యుద్ధం వస్తే యూరప్‌లో యూదు జాతి నాశనమవుతుందని బెదిరించాడు. 1943లో పదో వార్షికోత్సవం నాడు ఈ తేదీని శత్రువు కూడా వాడుకున్నాడు. బెర్లిన్ రేడియోలో నాజీ అగ్రనేత గోరింగ్ ప్రసంగించాల్సిన వేళకే బ్రిటిష్ మస్కిటో విమానాలు నగరం మీదికి వచ్చి బాంబులు వేశాయి, ప్రసంగం ఆలస్యమైంది. అందువల్ల తేదీని ఎంచుకున్నది ఎవరు అనే ప్రశ్నను ఒక పక్షానికే పరిమితం చేయవద్దు.

1945 జనవరి 30 రాత్రి ఈ పాఠానికి గుండెకాయ లాంటిది. ఆ రోజు హిట్లర్ రేడియో ప్రసంగం చేశాడు, అదే ఆయన చివరి రేడియో ప్రసంగం. ఆ రాత్రే బాల్టిక్ సముద్రంలో సోవియట్ జలాంతర్గామి ఎస్–13 ప్రయోగించిన టార్పెడోలకు గుస్ట్‌లోఫ్ ఓడ మునిగింది. వేలాది మంది శరణార్థులు, అందులో ఎందరో పిల్లలు, గడ్డకట్టే నీళ్లలో ప్రాణాలు విడిచారు. ఓడకు ఎవరి పేరు పెట్టారో ఆ విల్హెల్మ్ గుస్ట్‌లోఫ్ స్విట్జర్లాండులో నాజీ నాయకుడు. అతడు పుట్టింది 1895 జనవరి 30న. అంటే అతడి యాభయ్యో జన్మదినాన, హిట్లర్ గద్దెనెక్కిన పన్నెండో వార్షికోత్సవాన ఆ ఓడ మునిగింది. ఒళ్లు జలదరించే కలయికే, కాదనను. అయినా రెండో ప్రశ్న అడగాలి. ప్రసంగానికి తేదీ కారణం, వార్షికోత్సవం కాబట్టే హిట్లర్ మాట్లాడాడు. ఓడకు తేదీ కారణం కాదు. తూర్పు నుంచి సోవియట్ ఎర్ర సైన్యం దూసుకొస్తుంటే జనాన్ని తరలిస్తూ అది రేవు వదిలింది, వేటలో ఉన్న జలాంతర్గామికి ఎదురుపడింది. ఒకే రాత్రి జరిగిన రెండు సంఘటనల్లో ఒకదానికి తేదీతో ముడి ఉంది, మరోదానికి లేదు. కాబట్టి కార్డు మీద రెండూ రాయండి, మధ్యలో ‘విధి’ అనే మాట రానీయకండి. అన్ని ప్రాణాలు పోయిన చోట మన అలంకారాలకు చోటు లేదు.

గాంధీజీ కార్డు దగ్గరా ఇదే ప్రశ్న. బిర్లా హౌస్ ప్రార్థన సభకు నడిచి వస్తుండగా సాయంత్రం 5 గంటల 17 నిమిషాలకు గాడ్సే కాల్చాడు. హంతకులు ఆ తేదీని ఎంచుకున్నారా? పది రోజుల ముందు, జనవరి 20న, అదే చోట ప్రార్థన వేళ బాంబు పేల్చి విఫలమైన ముఠాయే ఇది. మొదటి ప్రయత్నం ఫలించి ఉంటే మన కార్డు మీద వేరే తేదీ ఉండేది. కాబట్టి జనవరి 30కి వాళ్లు ఏ అర్థమూ ఇవ్వలేదు. అర్థం ఇచ్చింది ఆ తర్వాతి దేశం. భారతదేశం ఆ రోజును అమరవీరుల దినంగా పాటిస్తోంది, ఉదయం 11 గంటలకు రెండు నిమిషాలు మౌనం వహిస్తుంది.

మిగిలిన వాటిని త్వరగా చూసేద్దాం. జాక్సన్ మీద గురిపెట్టిన రెండు పిస్తోళ్లూ పేలలేదు, ఆ సంఘటనకు మన పేజీలో మరి దేనితోనూ చుట్టరికం లేదు. హిట్లర్ చాన్స్‌లర్ అయింది రూజ్‌వెల్ట్ 51వ పుట్టినరోజున అన్నది నిజమే, కానీ దానివల్ల ఏదీ జరగలేదు. ఇలాంటి కలయికలు ఎంత తేలిగ్గా దొరుకుతాయో తెలియాలంటే గణితంలోని పుట్టినరోజుల లెక్క చూడండి. ఏ 23 మందిని ఒకచోట కూర్చోబెట్టినా ఏ ఇద్దరికో ఒకే పుట్టినరోజు ఉండే అవకాశం సగానికి కాస్త పైనే. 23 మందిలో 253 జతలు ఉంటాయి మరి. మీ పెట్టెలో వందల కార్డులుంటే కలయికలు దొరక్కపోవడమే వింత.

టెట్ కార్డును నేను కావాలనే చివరికి ఉంచాను. టెట్ అంటే వియత్నామీయుల చాంద్రమాన నూతన సంవత్సరం. 1968లో అది ఉత్తర వియత్నాంలో జనవరి 29న వచ్చింది, దక్షిణంలో జనవరి 30న. ఉత్తరం అంతకు ముందే తన క్యాలెండరు లెక్కకు ఆధారమైన కాలమండలాన్ని మార్చుకోవడమే కారణం. దాడులు కొన్ని పట్టణాల్లో జనవరి 30 తెల్లవారకముందే మొదలయ్యాయి, సైగాన్‌తో సహా ఎక్కువ చోట్ల జనవరి 31న జరిగాయి. ఒకే యుద్ధంలో రెండు పక్షాలకు పండుగ రెండు రోజుల్లో పడింది. అందుకని ఈ కార్డు మీద ‘జనవరి 30’ అని ఒంటి తేదీ కాకుండా ‘జనవరి 30–31’ అని రాయండి.

ఈ వారం అభ్యాసం

సెప్టెంబరు 3 కార్డులు ఇస్తున్నాను. 1650లో డన్‌బార్ యుద్ధంలో క్రామ్‌వెల్ గెలిచాడు. 1651లో వూస్టర్ యుద్ధంలో గెలిచాడు. 1654లో తన హయాంలోని మొదటి పార్లమెంటు సమావేశమైంది. 1658లో ఆయన మరణించాడు. 1783లో అమెరికా స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ గుర్తించిన పారిస్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 1939లో జర్మనీ మీద బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. ఒక్కో కార్డు మూలలో ‘పా’ లేదా ‘కొ’ రాయండి. క్రామ్‌వెల్ కార్డులు నాలుగింటిని కొత్త లెక్కలోకి మార్చండి. మనుషులు తేదీని ఎంచుకోగలిగినవి ఏవో, ఎంచుకోలేనివి ఏవో రెండు దొంతరలుగా పేర్చండి. యుద్ధం ఏ దొంతరలోకి వెళ్తుందో తేల్చేటప్పుడు తొందరపడవద్దు. దాడి వేళను సేనాని ఎంచుకోవచ్చు, గెలుపును కాదు.

చివరిగా ఒక ప్రశ్న. 1752 సెప్టెంబరు 3న లండన్‌లో ఒక సంఘటన జరిగిందని ఎవరైనా మీకు కార్డు రాసిస్తే దాన్ని ఏం చేస్తారు? జవాబు ఈ పాఠంలోనే ఉంది. కార్డు వెనుక రాసి ఉంచండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.