ప్రాగ్‌లో చలికాలం ఫొటోలు: కెమెరాకు అసలు గండం గదిలోనే

డిసెంబరు, జనవరి నెలల్లో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వెళ్లేవాళ్లు ముందుగా అడిగేది కోటు గురించే. ఆ సంగతి ఎవరైనా చెబుతారు. కెమెరా ఎక్కువగా దెబ్బతినేది చలిలో తిరిగొచ్చి వెచ్చటి గదిలో అడుగుపెట్టినప్పుడు అని మాత్రం చాలామందికి తట్టదు.

మైనస్ ఐదు డిగ్రీల్లో గంటసేపు తిరిగిన కెమెరాతో కాఫీ షాపులోకి వెళ్లగానే, అక్కడి గాలిలోని తేమ చల్లటి గాజు మీద నీరుగా మారుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. పైన పట్టిన చెమ్మ తుడిచేయొచ్చు, లెన్స్ లోపలికి చేరింది మన చేతికి అందదు. అందుకే తలుపు తీయకముందే, బయటే నిలబడి కెమెరాను జిప్ కవర్లో పెట్టి, గాలి పిండేసి మూసేయండి. గదిలో గంటో రెండు గంటలో దాని జోలికి పోవద్దు. చెమ్మ కవర్ మీద పడుతుంది. ఫొటోలు చూసుకోవాలన్న ఆత్రం ఆగదనుకుంటే మెమరీ కార్డు ముందే తీసి జేబులో వేసుకోండి. హీటర్ మీద పెట్టి ఆరబెడదామనే తెలివి మాత్రం వద్దు.

చలికి బ్యాటరీ చార్జ్ చూస్తుండగానే పడిపోతుంది. స్పేర్‌ది చొక్కా లోపలి జేబులో ఉంచండి. అయిపోయిందనుకున్నది కూడా కాస్త వెచ్చబడ్డాక మళ్లీ కొన్ని ఫొటోలకు వస్తుంది. మన మూడు పిన్నుల ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టదు, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

డిసెంబరు చివర్లో అక్కడ ఎనిమిదింటికి తెల్లవారి, నాలుగింటికే పొద్దుగూకుతుంది. కాబట్టి చార్లెస్ వంతెన మీద ఉదయపు నీలి వెలుగు కోసం అర్ధరాత్రి లేవక్కర్లేదు, ఏడింటికల్లా చేరితే చాలు. 1357లో మొదలుపెట్టిన ఆ వంతెన పొడవు అర కిలోమీటరు పైనే, రెండు వైపులా కలిపి 30 విగ్రహాలు. మంచు పడితే తెల్లటి నేలకు కెమెరా మోసపోయి అంతా బూడిదరంగులో తీస్తుంది, ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి తీసుకునే వెలుగు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచండి.

వంతెన మీదా, కోట నుంచి దిగే మెట్ల మీదా రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి. వాటిపై గడ్డకట్టిన పల్చటి నీటి పొర కంటికి కనపడదు. కంటికి కెమెరా ఆనించి వెనక్కి నడిచారా, అంతే సంగతులు! ఆగి, కాళ్లు కుదురుకున్నాకే ఫ్రేమ్ చూడండి. లోతైన గాడులున్న రబ్బరు అడుగు బూట్లే వేసుకోండి. పల్చటి గ్లవ్స్ మీద మందం గ్లవ్స్ వేసుకుంటే, లోహపు ట్రైపాడ్‌ను ఉత్తచేత్తో పట్టుకునే బాధ తప్పుతుంది.

పాత పట్టణ చౌకులో 1410 నాటి ఖగోళ గడియారం గంట కొట్టేటప్పుడు జనమంతా తలెత్తి చూస్తుంటారు. జేబుదొంగలకు అదే అదను. బ్యాగు ముందుకు తిప్పుకోండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, పాత నగరం మీద ఇష్టమొచ్చినట్టు ఎగరేయనివ్వరు.

ప్రాగ్ వెళ్లడానికి తీసుకునే షెంగెన్ వీసాకి (చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) తప్పనిసరి అయిన 30,000 యూరోల ఇన్సూరెన్స్ మీ వైద్యం ఖర్చుకి. కెమెరా కూడా అందులో ఉందో లేదో పాలసీ చదివి చూసుకోండి, లేకపోతే విడిగా తీసుకుని బిల్లు, సీరియల్ నంబరు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.